పంచమం మూలుగుతోందా?

తాతగారు పద్యనాటకాలకు వాయించిన హార్మోనియం పెట్టె. అటక మీంచి దింపి, పైపైన తుడిచి, తిత్తి నాలుగుసార్లు ఆడించి, మెట్లు వరసగా నొక్కుకుంటూ వచ్చారు. అన్నీ పలికాయి. తెల్లమెట్లలో ఐదోది మాత్రం, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, మూలిగి ఊరుకుంది.

ఇలాంటప్పుడు చాలామంది కంగారుపడి తెలిసిన మేస్త్రీని పిలుస్తారు. ఆ పని చేయకండి. తెలిసినవాడు వస్తే వ్యవహారం కాఫీ చల్లారేలోపు తేలిపోతుంది. మీకు మిగిలేది పలికే పెట్టె ఒక్కటే. చెప్పుకోవడానికి కథ మిగలదు, బంధువుల ముందు విప్పి చూపించడానికి విడిభాగాలు మిగలవు, ఏ రంధ్రంలోదో తెలియని స్క్రూ ఒక్కటైనా మిగలదు. పాత వాద్యం ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం సరదా లేకపోతే ఎలా? అందుకే ఈ సలహాలు.

మొట్టమొదట, తప్పు ఎక్కడుందో వెతకడం మానండి. రీడుదే తప్పు. విచారణ లేకుండా శిక్ష వేయడానికి అంతకంటే అనువైనది పెట్టెలో ఇంకోటి లేదు.

గాలి ప్రయాణం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఇక్కడ అడ్డుపడతారు. మీరు చేత్తో ఊదే తిత్తి నుంచి గాలి లోపలి తిత్తిలోకి పోతుంది. అక్కణ్ణించి, ముందున్న స్టాపరు గుబ్బ లాగి తెరిచిన గదిలోకి చేరుతుంది. మెట్టు నొక్కితే దాని వెనకవైపు, తోలూ ఫెల్టూ అంటించిన చెక్క లేచి, కింది రంధ్రం తెరుచుకుంటుంది. ఆ రంధ్రానికి అడుగున ఒక ఇత్తడి పలక, పలకలో సన్నని చీలిక, చీలిక మీద ఒక చివర రివెట్టుతో బిగించిన ఇత్తడి నాలిక ఉంటాయి. ఇవన్నీ కలిసిందే రీడు. గాలి దూసుకుపోతుంటే నాలిక ఆ చీలికలో కిందికీ పైకీ ఆడుతుంది. మనం వినే స్వరం అదే. ఈ దారిలో గాలి దొంగతనంగా జారిపోగల చోట్లు అరడజనుకి తక్కువ ఉండవు, నాలిక వాటిలో ఆఖరిది అని వాళ్ల వాదన. అరడజను మంది అనుమానితుల్ని కూర్చోబెట్టి విచారించడం పోలీసులే మానేశారు, మనకెందుకు?

ముఖ్యంగా, స్టాపర్లు మార్చి మార్చి వినే పని పెట్టుకోకండి. మూడున్నర స్థాయిల పెట్టెలో 42 మెట్లుంటే, రెండు వరసల రీడ్లకి 84 నాలికలు. ఒక వరస మూసి, రెండోది తెరిచి, అదే మెట్టు నొక్కితే నీరసం ఏ వరసలో ఉందో బయటపడుతుంది. రెండింట్లోనూ ఒకేలా మూలిగితే రీడు నిర్దోషి. మెట్టు సరిగా లేవడం లేదనో, దాని కింద ఏదో అడ్డుపడిందనో అర్థం. ఖర్చులేని పరీక్ష. అందుకే ప్రమాదం. ఆకురాయి కొనకముందే సంగతి తేలిపోతే మీ ఉత్సాహం ఏమైపోవాలి?

స్టాపరు పూర్తిగా బయటికి లాగామా లేదా అని కూడా చూడకండి. సగం లాగిన స్టాపరు వల్ల ఆ వరస మొత్తం గొంతు తగ్గించి మాట్లాడుతుంది. దాన్ని పూర్తిగా లాగితే బాగైపోయిన పెట్టెల కథలు చాలా ఉన్నాయి. వాటిలో ఆసక్తికరమైనది ఒక్కటీ లేదు.

ఇంకో పరీక్ష కూడా చెబుతారు. లోపలి తిత్తి నిండా గాలి నింపి, స్టాపర్లన్నీ మూసి, చేతులు కట్టుకుని చూడాలట. తిత్తి నిదానంగా దిగితే కుట్లూ తోళ్లూ బాగున్నట్టు. చూస్తుండగానే కూలబడితే గాలి ఎక్కడో కారిపోతున్నట్టు. చేతులు కట్టుకుని కూర్చోవడం మరమ్మతు ఎలా అవుతుందో వాళ్లే చెప్పాలి.

ఇక అసలు పనిలోకి దిగుదాం. నీరసంగా ఉన్నదానికి బలం పట్టించాలి కాబట్టి, తిత్తి గట్టిగా కొట్టండి. పారిస్‌లో డెబేన్ 1842లో పేటెంటు తీసుకున్న హార్మోనియం రెండు కాళ్లతో తొక్కేది. దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో ఊదుకునే పెట్టెగా కుదించినవాడు కలకత్తాకి చెందిన ద్వారకానాథ్ ఘోష్. కాళ్ల బలం పోయి చేతి బలం మిగిలింది. ఆ లోటు మీరు తీర్చాలి. ఒక చెయ్యి చాలకపోతే బావమరిదిని తిత్తి దగ్గర కూర్చోబెట్టండి. తిత్తి మడతల మూలల్లో తోలు చిరిగే చప్పుడు వినబడేదాకా ఆపొద్దని ముందే చెప్పండి.

మేస్త్రీలు దీనికి ఒప్పుకోరు. నాలిక కొన పలకకి వెంట్రుకవాసి ఎత్తులో నిలబడాలని వాళ్ల లెక్క. మరీ దిగిపోయి పలకకి అంటుకున్నంత పని అయితే, మెల్లగా ఊదినప్పుడు పలుకుతుంది, గట్టిగా ఊదితే చీలికలోనే బిగుసుకుని నోరు మూసేస్తుంది. మరీ ఎత్తుగా లేచి ఉంటే జబ్బు తిరగబడుతుంది. మెల్లగా ఊదినప్పుడు బుస తప్ప ఏమీ రాదు, గట్టిగా ఊదితే ఆలస్యంగా గొంతు విప్పుతుంది. అంటే ఎంత గాలికి ఎలా పలుకుతోందో చెవిపెట్టి వింటే, పెట్టె విప్పకుండానే నాలిక ఎక్కడుందో చెప్పేయవచ్చన్నమాట. ఇంత సూక్ష్మం మనకి పనికిరాదు. రెండు జబ్బులకీ ఒకటే మందు: గట్టిగా కొట్టడం. మొదటి రకం నాలికకి ఎంత బలంగా కొడితే అంత మౌనం వస్తుంది. అప్పుడు రీడే చెడిపోయిందన్న మీ అభిప్రాయం రుజువైపోతుంది కూడా.

ఆలస్యంగా పలికే మెట్టు గురించి ఎవరైనా అడిగితే గమకం అని చెప్పండి. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. స్వరాలు కట్టుకొయ్యల్లా నిలబడిపోతాయి, మధ్యలో జారలేవు, గమకం పలకదు అన్నది పెద్దల ప్రధాన ఫిర్యాదు. మీ పెట్టెలో ఐదో మెట్టు బుసతో మొదలై, కాస్త తడబడి, చివరికి ఎలాగో స్వరం మీదికి చేరుకుంటోంది. ముప్పై ఏళ్ల చర్చకి మీ ఇంట్లోనే జవాబు దొరికింది.

ఇప్పుడు పెట్టె విప్పండి. పొడుగు స్క్రూలూ పొట్టివీ కలిపి ఒకే గ్లాసులో వేయండి. తిరిగి బిగించేటప్పుడు ఏది చేతికొస్తే అది బిగించుకోవచ్చు; పొడుగుది పొట్టి రంధ్రంలో పడితే రెండో వైపు గాలిగదిలో తేలుతుంది, అక్కడో కొత్త దారి గాలికి.

రీడు బోర్డు తిరగేస్తే కనబడే సరుకు చూసి భయపడకండి. ప్రతి దసరాకీ సరస్వతీపూజలో పెట్టెకి బొట్లు పెట్టి, అక్షింతలు చల్లి, అగరొత్తులు దాని పక్కనే గుచ్చి, కొబ్బరికాయ కూడా దాని ముందే కొట్టారు కదా. పసుపు, కుంకుమ, బియ్యపు నూకలు, బూడిద, అన్నీ మెట్ల సందుల్లోంచి దిగి ఆ రంధ్రాల చుట్టూ కాపురం పెట్టాయి. మెట్టు కింది ఫెల్టు పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడ్డ గింజ ఒకటి, చీలికకీ నాలికకీ మధ్య ఇరుక్కున్న నలక ఇంకొకటి, సాధారణంగా కథంతా అంతే. భజన మందిరాల్లో పెట్టెలయితే సాంబ్రాణి పొగ మసి అదనం. తిత్తి పీల్చేది ఆ గదిలో గాలినే కదా, హారతి ఎవరిచ్చినా అందులో పెట్టె వాటా పెట్టెకి పోతుంది.

ఈ నలకని మేస్త్రీ తీసే పద్ధతి చూస్తే డబ్బులివ్వబుద్ధి కాదు. పల్చటి బ్లేడు అంచుతో నాలిక కొనని అణువంత లేపి, కింద సన్నని కాగితపు ముక్క దూర్చి, మెల్లగా బయటికి లాగుతాడు. నలక కాగితంతోపాటు వచ్చేస్తుంది. పంచమం గొంతు విప్పుతుంది. పెట్టె మూసేస్తాడు. మనం అలా చేయం. ముందు నోటితో బలంగా ఊదండి. ఆ తడి ఇత్తడికి తగిలి, రివెట్టు చుట్టూ పచ్చగా చిలుము కట్టడానికి పునాది పడుతుంది. అది చాలదనిపిస్తే బోర్డు చంకనపెట్టుకుని పంక్చర్ల షాపుకి వెళ్లండి. లారీ టైరుకి పట్టే గాలి, వెంట్రుకవాసి లెక్క మీద నిలబడ్డ 84 నాలికల మీద ఒకేసారి పడుతుంది. అంతకుముందు ఒక్కటే నీరసంగా ఉండేది. ఇకమీదట దానికి ఒంటరితనం ఉండదు.

నూనె సంగతి. కొబ్బరినూనె ప్రశస్తం, కుట్టుమిషను నూనె మధ్యమం, తలుపు బందులకి కొట్టే స్ప్రే అధమం. ఏదైనా నాలిక మీద రెండు చుక్కలు వేస్తే చూడటానికి మెరుస్తుంది. ఇత్తడి నాలిక దేనికీ రాసుకోకుండా గాలిలో ఆడేది కాబట్టి దానికి నూనెతో పనేమిటని అడిగే వితండవాదుల్ని పట్టించుకోవద్దు. నూనె మీద చేరిన దుమ్ము జిగటై నాలికకి బరువు పెడుతుంది, శ్రుతి దిగుతుంది. పొంగిన నూనె మెట్టు కింది తోలుకి పాకితే అది బోర్డుకి అతుక్కుని, నొక్కినా లేవదు. లేచిందా, మళ్లీ సరిగా మూసుకోదు. అప్పుడు మీరు మెట్టు వదిలేసినా పంచమం మోగుతూనే ఉంటుంది. నీరసంగా ఉందన్న ఫిర్యాదు అంతటితో తీరిపోయినట్టే.

ఆకురాయి కోసం ఎదురుచూస్తున్నారని తెలుసు. తొందరపడకండి, ఇది తీరిగ్గా చేయవలసిన పని, ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక మొదలుపెట్టడం మంచిది.

నాలిక కొన దగ్గర గీకితే అక్కడ బరువు తగ్గి, నాలిక వేగంగా ఆడి, శ్రుతి పెరుగుతుంది. రివెట్టు దగ్గర గీకితే మొదలు మెత్తబడి, నాలిక బిగువు తగ్గి, శ్రుతి దిగుతుంది. ఈ రెండు ముక్కల మీదే హార్మోనియం శ్రుతి చేసేవాళ్ల బతుకంతా నడుస్తుంది. వాళ్లు గీకేది కంటికి కనబడని పొడి. ఒక గీత, ఒక వినికిడి, మళ్లీ ఒక గీత. అదీగాక, గీకేముందు నాలిక కింద పల్చటి రేకు పెట్టి ఆనుకునేలా చేస్తారు, వంగిపోకుండా. మీకు రేకు అక్కర్లేదు. గోళ్లు కత్తిరించుకునేదానికి ఉండే ఆకురాయి చాలు.

మీ పంచమం శ్రుతి సరిగ్గానే ఉంది, గొంతే తక్కువ. దాన్ని గీకితే గొంతు పెరగదు, శ్రుతి మాత్రం తప్పుతుంది. ఇప్పుడు నిజంగా మరమ్మతు చేయవలసిన పెట్టె మీ చేతిలో ఉంది. కొన దగ్గర గీకి శ్రుతి పెంచేశారు కదా, రివెట్టు దగ్గర గీకి దించండి. మరీ దిగిపోయింది, కొనదగ్గర గీకి పెంచండి. సాయంత్రం టీ వేళకి నాలిక రెండు చివరలా కాగితమై, మధ్యలో మాత్రం అసలు మందంతో మిగులుతుంది. ఆ ఆకారంలో నాలిక ఏ కర్మాగారమూ చేయదు. రాత్రికి రివెట్టు పక్కన సన్నని బీట పడుతుంది. బీట పడ్డ నాలిక ఉన్నట్టుండి శ్రుతి జారిపోయి, నాలుగుసార్లు నొక్కేసరికి తెగి గాలిగదిలో పడుతుంది. దానికి అతుకు లేదు. తెగిన ముక్క పక్క రీడు మీద పడి దాన్ని కూడా ఆపేసిందంటే మీ అదృష్టం.

నాలిక తెగేదాకా రాకపోతే ఇంకో మార్గముంది. రెండు వరసలూ కలిపి ఆ మెట్టు నొక్కి వినండి. ఒకటి సెకనుకి 392 సార్లు ఆడుతూ, మీరు గీకినది 395 సార్లు ఆడుతుంటే, సెకనుకి మూడు అలలుగా స్వరం ఊగుతుంది. కావాలనే అలా పెట్టించానని చెప్పండి. కొన్ని అకార్డియన్లలో ఆ ఊపు కోసం రీడ్లని నిజంగానే ఎడంగా శ్రుతి చేస్తారు, కాబట్టి మీది పూర్తి అబద్ధం కూడా కాదు. ఎదుటివాడు మరీ గట్టివాడై, మిగతా మెట్లు ఎందుకు ఊగడం లేదని అడిగితే, మిగిలిన 41 కూడా గీకడానికి వచ్చే ఆదివారాలున్నాయి.

గాలికి నాలిక ఆడి పలికే ఈ వాద్యాల వంశంలోనే కాన్సర్టీనా అని ఒక ఆరుపలకల చేతివాద్యం ఉంది. దాని వెనక ఉన్నవాడు చార్లెస్ వీట్‌స్టన్. ఇంటర్‌లో మనందరిచేత గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర నిలబెట్టించిన బ్రిడ్జి పేరులోని వీట్‌స్టనే. 1829లో ఒకటి, 1844లో ఒకటి, లండన్‌లో ఆయన తీసుకున్న పేటెంట్లలోంచే ఇంగ్లీషు కాన్సర్టీనా పుట్టింది. దానిలో రీడ్ల ఇత్తడి చట్రాలని స్క్రూలతో బిగించరు, చెక్కలో కోసిన గాడిలోకి జారించి కూరుస్తారు. వందేళ్ల చెక్క ఎండి కుంచించుకుపోతే ఆ పట్టు సడలి, స్వరం సన్నబడుతుంది. చట్రాన్ని బొటనవేలితో కాస్త లోపలికి నెడితే, లేదా పక్కన కాగితం పొర పెట్టి కూరిస్తే, మళ్లీ గట్టిగా పలుకుతుంది. మన పెట్టెలో అదే జబ్బుకి మందు, రీడు పలకని పట్టిన స్క్రూలు అరచుట్టు బిగించడం. వీట్‌స్టన్‌గారి దేశంలో జనం ఏమైనా చేసుకోనివ్వండి. మీరు స్క్రూల జోలికి పోకుండా పలక చుట్టూ బంక పూయండి. రేపెప్పుడైనా ఆ రీడు తీయవలసి వస్తే చెక్కతో సహా వస్తుంది.

గాలి కారుతోందని ఎక్కడ అనుమానం వచ్చినా సైకిలు పంక్చరు ముక్క అతికించండి. తిత్తి మడతల్లో అతికిస్తే మరీ శ్రేష్ఠం, ఆ మడత ఇక ముడుచుకోదు.

వానాకాలంలో మెట్లు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటే పెట్టెని మేడమీద ఎండలో పెట్టండి. వడియాల పక్కనైతే కాకుల్ని కూడా ఒకే కర్రతో తోలుకోవచ్చు. మే నెల ఎండకి రీడు బోర్డు అప్పడంలా వంకర తిరుగుతుంది. అంతకుముందు గదికీ గదికీ మధ్య గోడ బోర్డుకి గట్టిగా ఆనుకుని ఉండేది. ఇప్పుడు సందు పడి, ఒక వరసకి పోవలసిన గాలి ఇంకో వరసకి చేరుతుంది. పంచమం నొక్కితే మూసిన వరస కూడా సన్నగా వంతపాడుతుంది. నీడలో, గాలాడేచోట, మెట్లపలక తీసి నాలుగు రోజులు వదిలేస్తే చాలనేవాళ్లకి వడియాలు పెట్టడం కూడా వచ్చుండదు.

కొత్త రీడు కొనవలసి వస్తే గుజరాత్‌లోని పాలిటానా రీడ్లకి పేరుంది, ఇంట్లో చెప్పకండి. పాత పెట్టె ఉన్న ప్రతివారి దగ్గరా ఉన్నవి జర్మన్ రీడ్లే. మీవీ అంతే. జర్మన్ రీడ్ల మధ్య పాలిటానా రీడు ఎలా పెడతామని అటకమీది రెండో పెట్టె విప్పి, అందులోంచి ఏదో ఒకటి పీకి పెట్టండి. పొడుగు సరిపోకపోతే పలక అంచు అరగదీయవచ్చు, చీలిక రంధ్రానికి ఎదురుగా రాకపోతే రంధ్రాన్ని తొలిచి పెద్దది చేయవచ్చు. ఒక పెట్టెలో ఒక మెట్టు పోయిన చోట, ఇప్పుడు రెండు పెట్టెల్లో చెరొకటి పోయింది.

ఇంతా అయ్యాక కూడా పంచమం మూలుగుతుంటే, పెట్టెని వదిలేసి గాయకుడిని సరిచేయండి. ఎప్పటినుంచో నిలబడ్డ పద్ధతి ఇదొక్కటే. ఒకటి శ్రుతిలో, అంటే మొదటి తెల్లమెట్టు షడ్జమంగా, పాడేవాడికి ఆ మెట్టు పంచమం. హిందోళంలో పంచమం లేదు కాబట్టి హిందోళం పాడమనండి. నాలుగు శ్రుతిలో పాడేవాడికి అదే మెట్టు చతుశ్రుతి రిషభం. హిందోళంలో రిషభం కూడా లేదు కాబట్టి అప్పుడూ హిందోళమే. రాయబారం పద్యాలైనా, కాటిసీను పద్యాలైనా, మంగళహారతైనా అంతే. ఎవరైనా గొణిగితే రాగభావం గురించి కాసేపు మాట్లాడండి.

చిక్కల్లా కృష్ణుడు వేసేవాడు ఐదు శ్రుతి అన్నప్పుడే. అప్పుడు ఆ మెట్టే షడ్జమం. అంతసేపూ దానిమీద వేలు తీయడానికుండదు, పద్యం చివర రాగం లాగినంతసేపూ ఆ మూలుగే మోగాలి, వన్స్‌మోర్ అంటే మళ్లీ మూలగాలి. ఆయన్ని నాలుగుకి దిగమనండి. పైస్థాయిలో మునుపటి మెరుపు లేదని, కృష్ణుడికి గొంతు పోయిందని, ఊరంతా ఆయన్నే అంటుంది గానీ పెట్టెని ఎవరూ అనరు.